రాగిబిళ్ల, చాకలిబాన, కావడిబద్ద: పందొమ్మిదవ శతాబ్ది అమెరికాలో వీథి బేహారులు, ఇంటి పనివారలు



సురవరం ప్రతాపరెడ్డిగారి స్మృత్యర్థము జరుగు ఈ ఉపన్యాసమునకు అమెరికా దేశపు గంపలవారిని, చాకలి స్త్రీలను, ఇంటి పనికత్తెలను విషయముగా గైకొనుట కొందఱికి వింతగా తోచవచ్చును. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రను శ్రద్ధగా చదివినవారికి ఇందు వింత యేమియు నుండదు. రాజుల వంశావళులను, యుద్ధముల తిథివారములను ఒక ప్రక్కనుంచి, మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, సంతలో ఏమి కొనిరి, ఎవరిచేత ఏ పని చేయించుకొనిరి అను ప్రశ్నలు వేసికొని, క్రీడాభిరామమువంటి, హంసవింశతివంటి కావ్యములలో కవులు అలవోకగా చెప్పిపోయిన ముక్కలనుండి వాటికి ప్రత్యుత్తరములు రాబట్టిన చరిత్రకారు డాయన. తెలంగాణమున కవులు లేరన్న మాట విన్నప్పుడు ఆయన వాదమునకు దిగలేదు. 354 మంది కవుల పేర్లను, పద్యములను ప్రోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచికను ఆ మాట అన్నవారి యెదుట పెట్టెను. పేర్లు పోగుచేయుట చరిత్రరచనలో తొలి ధర్మమని ఆయన ఆచరణ చెప్పుచున్నది. మనలో ననేకులము స్థిరపడిన ఈ దేశమునందు పందొమ్మిదవ శతాబ్దిలో వీథులలో కేకవేసి అమ్మినవారికి, పరుల యిండ్ల వంటగదులలో ప్రొద్దు గడపినవారికి ఆ ధర్మమును అన్వయించి చూడవలెనని నా కోరిక.

అన్వయించుటకు పూనుకొనగానే ఒక చిక్కు ఎదురగును. ఈ పనివారిలో చాలమందికి వ్రాతరాదు. వచ్చినవారికి వ్రాయుటకు తీరిక లేదు. వీథివర్తకుడు పురపాలక సంఘమువారి కంటికి రుసుము వసూలు చేయవలసి వచ్చినప్పుడో, దారికడ్డమని త్రోలివేయవలసి వచ్చినప్పుడో మాత్రమే కనబడెను. ఇంటి పనికత్తె యజమానురాలి ఉత్తరములో, చాలవఱకు ఫిర్యాదు రూపమున, కనబడెను. అనగా పనిని గూర్చి మనకు దక్కిన వ్రాత యంతయు పని చేయించుకొన్నవారి వ్రాతయే. అయినను ఆ శాసనములను, ఆ లైసెన్సు పట్టీలను, ఆ నిషేధములను తిరుగవేసి చదివినయెడల, ఎవరిని అణచుటకై అవి పుట్టినవో వారి తెలివియు, పంతమును, బేరమాడు నేర్పును వాటియందే బయటపడుచున్నవి. నేడు నేను చెప్పదలచినది ఈ యొక్కటియే. మిగిలిన దంతయు దానికి సాక్ష్యము.

మనవారికి చిరపరిచితమైన ఒక కట్టడముతో ప్రారంభించెదను. చెన్నపట్టణపు సముద్రతీరమున, 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి తొమ్మిది దినములు బసచేసిన ఆ గుండ్రని మేడను పాతతరము తెలుగువారు ఐస్‌హౌస్ అనియే పిలిచెడివారు. 1842లో దానిని కట్టించినది బోస్టను వర్తకుడైన ఫ్రెడరిక్ ట్యూడర్. మసాచుసెట్స్ చెఱువులలో శీతకాలమున పేరుకొన్న మంచును పలకలుగా కోయించి, రంపపుపొట్టులో పొదిగించి, ఓడలకెత్తించి 1806లో మార్టినీక్ ద్వీపమునకును, 1833లో కలకత్తాకును, అటుపిమ్మట చెన్నపట్టణమునకును పంపిన సాహసికుడాయన. ఆయన పేరు నిలిచినది. గుఱ్ఱములచే లాగించు మంచుకోత పనిముట్టును 1825 ప్రాంతమున కల్పించిన నథానియల్ వైయెత్ పేరును నిలిచినది. 1846-47 శీతకాలమున వాల్డెన్ చెఱువుపై దినదినము నూఱుమంది ఐరిష్ కూలీలు మంచు కోయుచుండగా, ఆ గట్టున నివసించుచున్న రచయిత థోరో తన గుడిసెనుండి చూచి, ఆ నీరు చెన్నపట్టణము, బొంబాయి, కలకత్తా వాసుల దాహము తీర్చునని భావించి మురిసి తన గ్రంథమున వ్రాసెను. అంతటి సూక్ష్మదర్శి యైనను ఆ నూఱుమందిలో ఒక్కని పేరైన చెప్పలేదు. మన సముద్రతీరమున మండువేసవిలో దొరల గ్లాసులలో కరిగిన ఆ మంచు వెనుక మొద్దుబారిన ఎన్ని వ్రేళ్లున్నవో ఆ ఓడల సరకు పట్టీలు చెప్పవు.

ఇక నగరవీథులకు వత్తము. 1808లో న్యూయార్క్‌న శామ్యూల్ వుడ్ అను ప్రచురణకర్త తన నగరపు వీథికేకలను బొమ్మలతో సహా బాలల పుస్తకముగా అచ్చొత్తించెను. 1810లో ఫిలడెల్ఫియాకు అటువంటి పుస్తకమే వెలువడెను. వేసవి చివర చీకటి పడినవేళ న్యూయార్క్ మూలమలుపులయందు బీద స్త్రీలు, బాలికలు ఉడికించిన మొక్కజొన్న పొత్తులను ఆవిరి పోకుండ బొక్కెనలో కప్పిపెట్టుకొని అమ్ముచుండిరి. ఫిలడెల్ఫియా సంతలో నల్లజాతి స్త్రీలు బోటి, ఎద్దుకాళ్లు, మిరియాలు వేసి కాచిన పులుసును కుండతో తెచ్చి, గరిటెతో గిన్నెలలో పోసి వేడివేడిగా త్రాగించుచుండిరి. జర్మనీనుండి వలసవచ్చిన చిత్రకారుడు జాన్ లూయిస్ క్రిమ్మెల్ 1811లో ఆ దృశ్యమును చిత్రించెను. సంత నడుమ కూర్చున్న ఆ నల్లని స్త్రీ చుట్టును తెల్లవారు చేరియున్నారు. వారి బట్టలను చూచినచో అందఱును ఒక్క అంతస్తువారు కారని తెలియును. అన్యత్ర ఒక్క బల్లయొద్ద కూర్చుండని జనమును ఆమె పులుసుకుండ ఒక్కచోటికి చేర్చినది.

న్యూయార్క్ నదీముఖములలో ఆల్చిప్పలు ఆనాడు అపారముగా దొరకెడివి. కూలివాని మొదలు కుబేరుని వఱకు అందఱి యాహారమును అవియే. ఆ వర్తకమున తలయెత్తిన థామస్ డౌనింగ్ కథను మాత్రము కొంత వివరింపక తీరదు. బానిసత్వమునుండి విముక్తులైన తల్లిదండ్రులకు 1791లో వర్జీనియా తీరమున చింకొటీగ్ ద్వీపమునందు పుట్టిన ఈ నల్లజాతివాడు 1819లో న్యూయార్క్ చేరి, పడవ వేసికొని తానే ఆల్చిప్పలు తీసి యమ్ముకొని, 1825లో బ్రాడ్ స్ట్రీటున నేలమాళిగలో భోజనశాలను తెఱచెను. బ్యాంకుల యజమానులు, న్యాయవాదులు, రాజకీయ నాయకులు అచ్చట మధ్యాహ్నభోజనమునకు క్రిక్కిఱిసి వచ్చుచుండగా, ఆ అంగడి క్రింది కొట్లయందు దక్షిణమునుండి పాఱివచ్చిన బానిసలకు డౌనింగు ఆశ్రయమిచ్చుచుండెను. నల్లపిల్లలకు బడులుండవలెనని, నల్లవారికి ఆస్తితో నిమిత్తము లేని ఓటుండవలెనని ఆయన, ఆయన కుమారుడు జార్జియు పాటుపడిరి. 1866 ఏప్రిలులో ఆయన గతించినప్పుడు న్యూయార్క్ వర్తక సంఘమువారు గౌరవార్థము తమ కార్యాలయమును మూసివేసిరి. ఇట్టి యొక్కని జీవితము మనకు దక్కినది. ఆయనతోపాటు తెల్లవారుజామున నదిలో వంగి కొంకికఱ్ఱలతో చిప్పలు తీసినవారి జీవితములు దక్కలేదు.

ఎందుకు దక్కలేదను దానికి కాగితమే ఒక సమాధానము చెప్పుచున్నది. 1860ల చివఱ కొయ్యగుజ్జు వాడుకలోనికి వచ్చువఱకు అమెరికాలో కాగితము నార, నూలు గుడ్డపీలికలనుండియే తయారగుచుండెను. ఆ పీలికలను పెంటకుప్పలలో, కాలువగట్లపై, వీథిచివరల కొక్కెపుకఱ్ఱతో ఏరి, కడిగి, ఆరవేసి, వీసెలలెక్కన అమ్మిన బీదలు న్యూయార్కునందొక పెద్ద సమూహము. వారిలో జర్మనులు, ఇటాలియనులు మెండు. పత్రిక, జనగణన పట్టీ, న్యాయస్థానపు తీర్పు, ఇల్లాలి దినచర్య, అన్నియు వీరి చేతులమీదుగా పోయిన గుడ్డలనుండియే పుట్టినవి. వారు ఏరితెచ్చిన సరకుపై వారి పేర్లు వ్రాయబడలేదు! ఆ పత్రికలను అమ్మిన బాలురదియు ఇంచుమించు అదే స్థితి. 1833లో న్యూయార్క్ సన్ పత్రిక వీథిలో కేకవేసి అమ్ముటకు బాలురను నియమించినది మొదలుకొని పత్రికల సంపద వారి గొంతులపై పెరిగినది. 1899 జూలైలో పులిట్జరు, హర్స్టుల పత్రికలు నూఱు ప్రతులకు 60 సెంట్లు పుచ్చుకొనుట మానవని తెలిసి ఆ బాలురు సమ్మె చేసిరి. ధర తగ్గలేదు గాని, అమ్ముడుపోని ప్రతులను తిరిగి పుచ్చుకొనుటకు ఆ పత్రికాధిపతులు ఒప్పుకొనవలసి వచ్చెను.

ఇక దక్షిణదేశమునకు వత్తము. దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్ నగరమునందు బానిస యజమానులు తమ బానిసలను ఇతరులకు కూలికి పంపి, ఆ కూలిని తాము పుచ్చుకొనుచుండిరి. బానిస తానే పని వెదకికొని, వారమునకు ఇంతయని యజమానికి చెల్లించి, మిగిలిన దానితో పొట్టపోసికొనుటయు కలదు. ఇట్లు కాపలా లేక వీథులలో తిరుగువారిని గుర్తించుటకు నగరపాలకులు 1800 మొదలుకొని అంతర్యుద్ధకాలము వఱకు ఏటేట రాగిబిళ్లలు చేయించి యజమానులకు అమ్మిరి. ఆ బిళ్లలలో కొన్ని నేడు ప్రదర్శనశాలల యందున్నవి. ఇంచుమించు రెండంగుళముల పలుచని రేకు, చాలవఱకు చదరము, ఒక మూల చిల్లు. ఆ మూలను పైకి వచ్చునట్లు త్రాట కట్టియో, గుడ్డకు కుట్టియో ఒంటిపై ధరింపవలెను. రేకుపై పోతపోసినట్లు అణచిన అక్షరములు: నగరము పేరు, సంవత్సరము, ఒక వరుస అంకె, ఒక వృత్తి. ఇంటి సేవకుడు, మూటలు మోయువాడు, చేపలు పట్టువాడు, చేతిపనివాడు, పండ్లు అమ్మువాడు. వృత్తిని బట్టి రుసుము మాఱును. ఏడాది తిరుగగానే పాతబిళ్ల చెల్లదు. బిళ్ల లేక పట్టుబడిన బానిసకు చెఱ, యజమానికి జరిమానా.

అంత శ్రద్ధగా చెక్కిన ఆ రేకుపై మనిషి పేరుకు మాత్రము చోటు లేదు. కాని, నగరపాలకులు అఱువదియేండ్లకు పైగా ప్రతి సంవత్సరము ఈ చట్టమును గుర్తుచేయుచు, బిళ్లలు పోయించుచు, తప్పించుకొన్నవారిని వెదకించుచు ఏల ఇంత శ్రమపడిరి? ఆ నగరపు సంతలో కూరలు, పండ్లు, చేపలు అమ్మువారిలో నల్లజాతి స్త్రీలే అధికులు. తెల్లవారుజామున పడవలనుండి సరకంతయు తామే కొని, తాము చెప్పినదే ధరయని నిలుచుచున్నారని పదునెనిమిదవ శతాబ్దినుండియే వారిపై ఫిర్యాదులు వచ్చుచుండెను. తెల్ల చేతిపనివారలు బానిసల పోటీని సహింపలేకపోయిరి. చట్టప్రకారము ఆస్తియని లెక్కింపబడిన మనుష్యులు, బజారులో వర్తకులై, బేరగాండ్రై, పోటీదారులై నిలిచిరి. ఆ బిళ్ల వారిని అదుపులో పెట్టినదానికంటె, వారు అదుపు తప్పిరన్నదానికే ఎక్కువ సాక్ష్యమని నా యభిప్రాయము.

ఇంటి లోపలికి పోయినచో ఈపాటి రాగిరేకు సాక్ష్యమును దొరకదు. 1870 జనగణనలో జీతమునకు పనిచేయు స్త్రీలలో సుమారు సగముమంది ఇంటి చాకిరీలో నుండిరి. న్యూయార్క్, బోస్టను, ఫిలడెల్ఫియా నగరములలో గోడకు గోడ ఆనించి కట్టిన నాలుగైదు అంతస్తుల మిద్దెలయందు వంటగది నేలమాళిగలో నుండును. పనికత్తె పడుకొను గది అటకక్రింద చిట్టచివరి అంతస్తున నుండును. వేకువను ఆమె క్రిందికి దిగి, పొయ్యి బూడిద ఎత్తి, బొగ్గు వేసి రాజబెట్టి, గదిగదికి బొగ్గు మోసి, స్నానపునీళ్లు కాచి మోసి, మురికినీళ్లు తిరిగి క్రిందికి మోసి, గంట మ్రోగినప్పుడెల్ల ఏ గదినుండి మ్రోగినదో చూచుకొని పరుగెత్తవలెను. సోమవారము ఉతుకు, మంగళవారము ఇస్త్రీ, తక్కిన దినములలో రొట్టెలు కాల్చుట, వెండిసామాను తోముట, చీపురుపని. ఆటవిడుపు గురువారపు సాయంకాలమొకటి, ఒక ఆదివారము విడిచి ఒక ఆదివారము. 1842లో క్రోటన్ కాలువద్వారా న్యూయార్కునకు కొళాయినీరు వచ్చినదని నగరమంతయు పండుగ చేసికొనెను. బావినుండి బిందెలెత్తు పని ఆ దినముతో ఎవరికి తప్పినదో ఊహింపగలము. ఆ పండుగ ఉపన్యాసములు దానిని తలచినట్లు తోపదు.

1845లో ఐర్లండున బంగాళదుంప పంట కుళ్లి కఱవు వచ్చినప్పటినుండి ఉత్తర నగరముల యిండ్లలో పనికత్తెలు చాలవఱకు ఐరిష్ కన్యలే అయిరి. పదునాఱు, పదునెనిమిది యేండ్ల పిల్లలు, తోడు లేక, సముద్రము దాటివచ్చి, అపరిచితుల కప్పు క్రింద నిదురించిరి. ఆమె అసలు పేరేదైనను చాలమంది యజమానులకు ఆమె బ్రిజెట్టే. హాస్యపత్రికలు ఆమెను వంట మాడ్చునదిగా, పింగాణీ పగులగొట్టునదిగా బొమ్మలు గీచినవి. ఐరిషువారు అక్కఱలేదని ప్రకటనలు వెలువడినవి. ఆమె నిజస్వరూపమును చూడగోరువారు ఆ హాస్యపత్రికలను మూసి, 1850లో న్యూయార్కున ఐరిష్ వలసదారుల సంక్షేమమునకు పాటుపడువారు స్థాపించిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు పద్దుపుస్తకములను తెఱవవలెను. ఖాతా తెఱచినవారిలో ఎందఱో సంతకము చేయనేరనివారు గనుక, మరల వచ్చినప్పుడు గుర్తించుటకై గుమాస్తా ఆమె పుట్టిన గ్రామము, ఎక్కివచ్చిన ఓడ, దిగిన సంవత్సరము, తల్లిదండ్రుల పేర్లు, వారు బ్రతికియున్నారా లేరా, తోబుట్టువు లెందఱు, ఎవరెచ్చట నున్నారు అను వివరములన్నియు వ్రాసికొనెను. యజమానురాలికి అక్కఱలేకపోయిన కుటుంబకథ బ్యాంకువారి జాగ్రత్తవలన మనకు దక్కెను. వారమునకు ఒకటి రెండు డాలర్ల జీతములో కూడబెట్టి ఈ పిల్లలు ఇంటికి సొమ్ము పంపిరి. చెల్లెలి ఓడచార్జి కట్టిరి. ఆమె వచ్చి మఱియొక యింట కుదిరి తమ్ముని చార్జి కట్టెను. తెలుగునాటినుండి ఈ దేశమునకు వచ్చిన కుటుంబములకు ఈ గొలుసు ఎట్లు సాగునో నేను చెప్పనక్కఱలేదు.

చాకిరీ చేసినవారే కలము పట్టిన సందర్భములు మిక్కిలి అరుదు. లూయిసా మే ఆల్కాట్ పదునెనిమిదేండ్ల వయసున 1851లో డెడాము గ్రామమున ఏడు వారములు ఒక యింట పనిచేసి, నాలుగు డాలర్లు మాత్రము చేతబట్టుకొని తిరిగివచ్చి, ప్రసిద్ధురాలైన పిమ్మట 1874లో ఆ యనుభవమును అచ్చువేయించెను. ఆమెకు తిరిగిపోవుటకు ఇల్లున్నది, తరువాత చెప్పుకొనుటకు పాఠకులుండిరి. హారియట్ విల్సన్‌కు రెండును లేవు. 1825లో న్యూ హాంప్‌షైరులోని మిల్ఫర్డున పుట్టిన ఈ నల్లజాతి స్త్రీ బాల్యముననే ఒక తెల్లవారి యింట పనిపిల్లగా విడువబడి, దెబ్బలు తిని, ఆరోగ్యము పోగొట్టుకొని, పెద్దదైన పిదప తలవెండ్రుకలకు రాచుకొను మందును సీసాలలో నింపి ఊరూర అమ్ముకొని బ్రతికెను. వాకిట తిరుగు బేహారి వృత్తియు, ఇంటి దాస్యమును ఒక్క శరీరమున అనుభవించినదామె. కుమారుని పోషణకై సొమ్ము వచ్చునని 1859లో తన కథను అవర్ నిగ్ అను నవలగా బోస్టనున అచ్చువేయించినది. మఱుసటియేటనే ఆ బాలుడు మరణించెను. బానిసత్వము దక్షిణదేశపు పాపమే కాని ఉత్తరమునకు అంటదని నమ్మిన సంస్కర్తలకు, ఉత్తరమున తెల్లని యింటి వంటగదిలో జరిగిన క్రౌర్యమును చెప్పిన ఆ పుస్తకము రుచించలేదేమో, దానిని ఎవరును పట్టించుకొనలేదు. నూటయిరువది యేండ్లకు పైగా మఱుగునపడి, 1983లో హెన్రీ లూయిస్ గేట్స్ పునర్ముద్రణముతో అది వెలుగు చూచినది. ఆ రచయిత్రి కల్పితవ్యక్తి కాదని, నల్లజాతి స్త్రీయేయని నిరూపించుటకు తోడ్పడిన పత్రములలో ఆ బాలుని మరణధ్రువపత్రమొకటి.

వాసర్ కళాశాల చరిత్రాచార్యురాలు లూసీ మేనార్డ్ సామన్ యజమానులకును, పనివారికిని వేఱువేఱు ప్రశ్నపత్రములు పంపి, వచ్చిన జవాబుల ఆధారమున 1897లో ఇంటి సేవావృత్తిపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె తోటి ఆచార్యులలో కొందఱు ఇది చరిత్రకు తగని విషయమని భావించిరి. ఫ్యాక్టరీలో కంటె ఇండ్లలో తిండి, గది కలిసి వచ్చినను యువతులు ఫ్యాక్టరీనే ఏల కోరుచున్నారని ఆమె ప్రశ్న. జీతము తక్కువయని చెప్పినవారికంటె, సాయంకాలము తమది కాదనియు, మాటాడువారు లేరనియు, చిన్నపిల్లను పిలిచినట్లు ఉత్తపేరుతో పిలుతురనియు చెప్పినవారి మాటలకే ఆమె గ్రంథమున ప్రాముఖ్యము కలిగినది. పనివారిని అడిగి వ్రాసిన చరిత్ర కనుక నేటికిని అది బ్రతికియున్నది.

ఇండ్లలో ఉండి పనిచేయుటకు ఒల్లనివారు చాకలిపనిని కోరుకొనిరి. అంతర్యుద్ధానంతరము బానిసత్వము తొలగిన నల్లజాతి స్త్రీలకు ఇది ముఖ్యమైన జీవనోపాధియైనది. బట్టలు తమ వాకిటికి వచ్చును, బిడ్డలు కంటియెదుట నుందురు, తెల్లదొరసాని గంటకు పరుగెత్త నక్కఱలేదు. 1866 జూనులో మిసిసిపీలోని జాక్సన్ నగరపు చాకలి స్త్రీలు నగరాధ్యక్షునకు విన్నపము పంపి, తామందఱము దినమునకు ఒకటిన్నర డాలరు చొప్పున ఒక్కటే ధర పుచ్చుకొందుమని తెలియజేసిరి. బానిసత్వము చట్టరీత్యా అంతరించి అప్పటికి ఆఱు మాసములు!

అట్లాంటాలో 1881 వేసవి నాటి ఉదంతము ఇంకను గొప్పది. సోమవారము చాకలి స్త్రీ ఇండ్లకు పోయి మూటలు తెచ్చును. నూతినుండియో వీథిపంపునుండియో నీరు మోయును. బీరు పీపాలను సగమునకు కోసి తొట్లు చేసికొనును. క్షారము కాచి తానే సబ్బు వండుకొనును. గోధుమపొట్టుతో గంజి కాచును. వాకిట పెద్దబానలో బట్టలు ఉడికించి, పలకపై రుద్ది, జాడించి, ఆరవేసి, కుంపటిపై కాచిన బరువైన ఇనుపపెట్టెలతో తళుకు వచ్చువఱకు ఇస్త్రీచేసి శనివారము ముట్టజెప్పును. ఇంతయు చేసి నెలకు ఆమె సంపాదించునది నాలుగు మొదలు ఎనిమిది డాలర్లు. జూలై మాసమున ఇరువదిమంది స్త్రీలు, కొద్దిమంది పురుషులు ఒక చర్చిలో కూడి సంఘముగా ఏర్పడి, పండ్రెండు పౌనుల బట్టలకు ఒక డాలరు ధర నిర్ణయించిరి. ఇంటింటికి తిరిగి సభ్యులను చేర్చుకొనిరి. మూడు వారములలో సంఖ్య మూడువేలకు చేరెను. తెల్లజాతి చాకలి స్త్రీలు కొందఱును కలిసిరి. బట్టలు నానబెట్టినవారు తడిబట్టలనే తిరిగి పంపిరని పత్రికలు గగ్గోలు పెట్టినవి.

పోలీసులు కొందఱిని నిర్బంధించిరి. న్యాయస్థానము జరిమానాలు వేసెను. ఒక స్త్రీ జరిమానా కట్టుటకు నిరాకరించి గొలుసుకూలీల శిక్ష పొందెను. ఇంటి యజమానులు అద్దెలు పెంచుదుమని బెదరించిరి. పన్ను మినహాయింపుతో ఆవిరియంత్రపు చాకలిశాల పెట్టుదుమని ధనికులు యోచించిరి. చివరకు నగరసభ చాకలిసంఘ సభ్యురాలు ఒక్కొక్కతె ఇరువదియైదు డాలర్ల లైసెన్సు రుసుము కట్టవలెనని ప్రతిపాదన తెచ్చెను. నాలుగైదు నెలల సంపాదన యది. ఆ స్త్రీలు నగరాధ్యక్షుడు జేమ్స్ ఇంగ్లీషునకు ఒక లేఖ వ్రాసిరి. లైసెన్సుకు ఇరువదియైదు కాదు, యేబది యైనను కట్టుటకు సిద్ధమే. అది తమకు రక్షణ యగును, నగరమందలి ఉతుకుపని యంతయు తమ చేతిలో నుండును గదా, అని దాని సారము. అణచుటకు తెచ్చిన కాగితమును హక్కుపత్రముగా మార్చివేసిన ఆ సమాధానమునకు సాటియైనది కార్మిక చరిత్రలో నాకు ఎక్కువగా కనబడలేదు. నగరసభ ఆ రుసుము ప్రతిపాదనను త్రోసిపుచ్చెను. అక్టోబరులో అంతర్జాతీయ పత్తి ప్రదర్శనము జరుగనుండగా నగరములోని వంటకత్తెలు, దాదులు కూడ జీతము పెంచవలెనని కోరసాగిరి. ఆ స్త్రీలు కోరిన డాలరు ధర అందఱికిని దొరకెనని చెప్పజాలను. మానవులు లేనట్లే నడచుచున్న ఒక నగరము ఎవరి చేతులమీద నడచుచున్నదో ఒక్క వేసవిలో బట్టబయలైనది. అఱువదియేండ్ల తరువాత తెలంగాణమున పాలకుర్తి దగ్గఱ చాకలి స్త్రీ చిట్యాల ఐలమ్మ దొర గడీకి వెట్టి చేయనని నిలిచినప్పుడు, ఆమెకు ముందు ఇట్టివారొకరు ఉండిరని ఆమెకు తెలియదు. తెలిసిన మనము ఈ రెంటిని ఒక్క గ్రంథమున చదువగలము.

పసిఫిక్ తీరమున శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇదే కథ కావడిబద్దపై నడచెను. చీనావారు భుజముపై బద్ద నుంచి రెండువైపుల గంపలు వ్రేలాడదీసి కూరగాయలు, చాకలిమూటలు ఇంటింటికి చేర్చుచుండిరి. కావడి చూచి పెరిగిన మనకు ఇందు విశేషము లేదు. నగరపాలకులకు మాత్రము అది నేరమై తోచినది: కాలిబాటపై బద్దతో బరువు మోయరాదని 1870లో శాసనము చేసిరి. అటుపిమ్మట గుఱ్ఱపుబండి లేక బట్టలు చేరవేయు చాకలిశాలలకు, బండియున్న శాలలకంటె ఎన్నోరెట్లు అధికమైన రుసుము విధించిరి. గుఱ్ఱము లేనివారెవరో అందఱికిని తెలియును. 1880లో కొయ్యయింట చాకలిశాల నడుపువారు పాలకసభ అనుమతి పొందవలెనని మఱియొక శాసనము వచ్చెను. నగరమున సుమారు 320 చాకలిశాలలు, వాటిలో 310 కొయ్యయిండ్లలోనివే, 240 చీనావారివి. అనుమతి కోరిన చీనావారు సుమారు ఇన్నూఱు మందియు నిరాకరింపబడిరి; ఎనుబదిమంది ఇతరులలో ఒక్కరికి తప్ప అందఱికి దొరకెను. ఆ చాకలివారు న్యాయస్థానమున పోరాడి, 1886 మే 10వ తేదీన దేశపు అత్యున్నత న్యాయస్థానమున యిక్ వో కేసులో గెలిచిరి. చట్టపు మాట నిష్పక్షపాతమైనను అమలు పక్షపాతమైనచో అది చెల్లదనియు, పౌరుడు కాని వలసదారునకును సమాన రక్షణ కలదనియు ఆ తీర్పు. ఈ సభలో పౌరసత్వమునకై వేచియున్నవారు ఎందఱో ఉన్నారు. వారికి చట్టము నేడు ఇచ్చు రక్షణలో కొంతభాగము ఆ ఇస్త్రీపెట్టెలవారు సంపాదించి పెట్టినది.

ఈ దేశమున మన ఉపఖండమువారి చరిత్రను 1965 నాటి వలసచట్టముతో, పట్టభద్రులతో, వైద్యులతో ప్రారంభించుట మనకు అలవాటైపోయినది. కాని అంతకు చాల ముందే, 1790 డిసెంబరులో, సేలం రేవుపట్టణమున విలియం బెంట్లీ అను మతాచార్యుడు చెన్నపట్టణమునుండి ఓడ కప్తానుతో వచ్చిన ఒక మనుష్యుని చూచి, అతని నల్లని మేనిచాయను, పొడవైన జుట్టును, సౌమ్యమైన ముఖమును దినచర్యలో వ్రాసికొనెను. పేరు వ్రాయలేదు. తెలుగువాడో తమిళుడో నిర్ణయింప వీలులేని ఆ యజ్ఞాతునితో మన చరిత్ర మొదలగుచున్నది. 1880లనుండి కలకత్తాకు చేరువనున్న హుగ్లీ జిల్లా గ్రామముల ముసల్మానులు తమ స్త్రీలు కుట్టిన చికన్ పనిబట్టలను మూటగట్టుకొని వచ్చి, వేసవిలో న్యూజెర్సీ తీరమున ఆస్బరీ పార్కు, అట్లాంటిక్ సిటీ విహారస్థలములయందును, శీతకాలమున న్యూ ఆర్లీన్సునందును వీథివీథి తిరిగి అమ్మిరి. 1897లో పన్నెండుగురిని ఎల్లిస్ ద్వీపమున ఆపి, కూలి ఒడంబడికపై వచ్చిన వారని చెప్పి త్రిప్పిపంపిరి. అయినను రాకపోకలు ఆగలేదు. వారిలో కొందఱు న్యూ ఆర్లీన్సున ట్రెమే పేటలో అద్దెయిండ్లు పుచ్చుకొని, తెల్లవారు పొత్తు కూడని ఆ కాలమున నల్లజాతి కుటుంబములతో పొత్తు కలిపి, ఆ యింటి ఆడుపిల్లలను పెండ్లాడిరి. వివేక్ బాల్డ్ అను పరిశోధకుడు ఓడల పట్టికలను, జనగణన పుటలను, వివాహపు రిజిస్టర్లను ఓపికతో గాలించి వారిలో అనేకుల పేర్లను 2013లో గ్రంథస్థము చేసెను. 1917 వలసచట్టము ఆసియావారికి ద్వారము మూసిన తరువాత హుగ్లీనుండి క్రొత్తవారు వచ్చుట తగ్గిపోయినది. అప్పటికే నిలిచిపోయినవారి బిడ్డలు జనగణనలో తల్లుల జాతితో నల్లవారుగా వ్రాయబడి, ఆ నగరపు బడులలో, చర్చిలలో, పనిపాటలలో కలిసి పెరిగిరి.